కొర్రమీను పట్టిన చేతికి ట్రౌట్ ఎందుకు చిక్కదు

మే నెల మధ్యాహ్నం నల్లగొండ దగ్గర పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఉత్త కాళ్లతో నాలుగడుగులు వేయలేం. 44, 45 డిగ్రీల ఎండకు రాళ్లు పెనంలా కాలుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్లలో హిమాచల్ వీడియోలు తిరుగుతుంటాయి: గాజులాంటి నీళ్లు, దేవదారు చెట్లు, చేతిలో గాలం, వెనకాల జీను కట్టిన గుర్రం. చిన్నప్పటి నుంచి చెరువులో గాలం వేసినవాళ్లం, మనకిది కొత్తా అనుకుని మనోళ్లు బయల్దేరతారు. ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం రెండు రోజులు నది ఒడ్డున నిలబడి ఉత్త చేతులతో తిరిగొస్తారు. పనితనం లేక కాదు. చెరువు నేర్పిన పనితనం పారే చల్లటి నీళ్ల దగ్గర సగానికి సగం తలకిందులవుతుంది, అంతే.

మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఎంత మొండిదో ఎండాకాలం చెరువు చూస్తే తెలుస్తుంది. నీళ్లు మోకాలి లోతుకు తగ్గి, బురద కాగి, మిగతా చేపలు వెల్లకిలా తేలినా అది బతికే ఉంటుంది. పైకొచ్చి నోటితో గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. ట్రౌట్‌కు ఆ దారి లేదు. నీళ్లలో కరిగిన ఆక్సిజనే దానికి ఆధారం. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరకు పడిపోతుంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే ట్రౌట్ 10 నుంచి 16 డిగ్రీల మధ్య చలాకీగా తింటుంది, 20 దాటితే డీలా పడుతుంది, 25 దగ్గర ప్రాణం మీదికొస్తుంది. దిండిలోనో కోయిల్‌సాగర్‌లోనో ట్రౌట్ పిల్లల్ని వదలొచ్చు కదా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఫర్హాబాద్ మీద సాయంత్రం గాలి చల్లగా తగలొచ్చు. నల్లమల వాగుల నీళ్లు మాత్రం ట్రౌట్‌కు సరిపోయేంత చల్లగా ఉండవు.

ఇది మన దేశంలో పుట్టిన చేప కూడా కాదు. స్కాట్లండ్ నుంచి ఓడలో వచ్చిన గుడ్లు 1900లో కశ్మీర్ చేరాయి. 1909లో కులు లోయలోకి వచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే నీలగిరులకూ చేరింది. దూరం చూస్తే మనకు నీలగిరులే దగ్గర, కానీ అవలాంచి వైపు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోలేం. గాలం వేయడానికైతే హిమాచలే మేలు: బంజార్ దాటాక గుషైనీ మీదుగా పారే తీర్థన్, బరోట్ దగ్గర ఉహ్ల్, సాంగ్లా లోయలో బస్పా, రోహ్రూ వైపు పబ్బర్. రెండు రకాల ట్రౌట్ ఉంటాయి. ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఆ చుక్కల చుట్టూ తెల్లటి వలయం ఉంటే బ్రౌన్. పక్కల వెంట గులాబీ రంగు పట్టీ ఉంటే రెయిన్‌బో. రెండింటికీ వీపు రెక్కకూ తోకకూ మధ్య మెత్తటి చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. మన వాలుగకో, బొచ్చెకో అది కనబడదు. జెల్లకు ఉంటుంది, చూసి ఉంటే గుర్తొస్తుంది.

ఎప్పుడు పోవాలి

హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. మార్చిలో తెరుస్తారు. మన బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివర, మే నెలల్లో కొండల మీద మంచు కరుగుతుంటుంది. రాత్రి గడ్డకట్టి, పగలు ఎండకు కరిగి, ఆ నీళ్లు కిందికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. అందుకే ఒకే నది పొద్దున ఆరింటికి ఒక తీరు, మూడింటికి ఇంకో తీరు. పొద్దున నీళ్లు తక్కువగా, తేటగా ఉంటాయి. మధ్యాహ్నానికి జానెడు పెరిగి, పాలు కలిపినట్టు మసకబారతాయి. మసక నీళ్లలో చేపకు ఎర కనబడదు. కాబట్టి తెల్లవారాక పదింటి దాకా, మళ్లీ ఎండ కొండ వెనక్కి జారాక ఓ గంట, ఇవే పనికొచ్చే వేళలు. టిఫిన్ చేసి పదకొండింటికి నదికి దిగితే ఆ రోజు పోయినట్టే. జూలైలో వాన మొదలైతే సెప్టెంబర్ సగం దాకా బురద నీళ్లే. సెప్టెంబర్ చివర, అక్టోబర్ నెలల్లో నీళ్లు మళ్లీ తేటపడతాయి. అసలు మంచి రోజులు అవే, కాకపోతే అప్పుడు మన దగ్గర ఎండ బాధ ఉండదు కనుక ఎవరూ కదలరు.

నీళ్లు పెరగడం చేపల సంగతే కాదు. 2014 జూన్ 8న మండి జిల్లా థలోట్ దగ్గర బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది పైనున్న లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్లకే. అప్పటిదాకా నదిలో రాళ్లు తేలి కనబడుతూ ఉన్నాయి. డ్యాం కింది భాగంలో గాలం పట్టుకుని నడి రాళ్ల మీదికి పోవద్దు, సైరన్ కోసం ఎదురుచూస్తూ అసలే ఉండొద్దు. డ్యాం లేని వాగులో కూడా ఒక అలవాటు చేసుకోండి. దిగగానే నీటి అంచున, సగం తడి సగం పొడి ఉండేలా పిడికెడు రాయి ఒకటి పెట్టండి. పావుగంటకోసారి దాన్ని చూడండి. రాయి మునిగితే సామాను సర్దుకుని ఒడ్డెక్కడమే. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా అంతే. మోకాలు దాటిన పారుడు నీళ్లలో ఎంత బలమున్న కాలైనా నిలవదు. చెరువులో ఛాతీ లోతుకు దిగి వల విసిరిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

చేప ఎక్కడుంటుంది

చెరువులో చేప తిరుగుతుంది, మనం కూర్చుంటాం. నదిలో చేప ఒకచోట నిలబడుతుంది, మనమే తిరగాలి. మనోళ్లు ఉత్త చేతులతో రావడానికి సగం కారణం ఇక్కడే ఉంది: ఒక మంచి రాయి చూసుకుని, బీడీ ముట్టించి, అదే గుంటలో రెండు గంటలు ఎర వేస్తూ కూర్చోవడం.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుముఖం పెట్టి నిలబడుతుంది. దానికి రెండు కావాలి: ఒళ్లు అలవకుండా నిలబడే నెమ్మది నీళ్లు, పక్కనే తిండి కొట్టుకొచ్చే ధార. ఈ రెండూ ఆనుకుని ఉన్న చోటే దాని ఇల్లు. అది ఎట్లుంటుందో తెలుసుకోవడానికి హిమాచల్ పోనక్కర్లేదు. పొలానికి నీళ్లు పారుతున్నప్పుడు కాలువ మధ్యలో ఇటుక ఒకటి నిలబెట్టి, పైనుంచి గుప్పెడు ఊక చల్లి చూడండి. ఇటుకకు ముందు బెత్తెడు మేర నీళ్లు వేగం తగ్గి మెత్తగా ఉబుకుతాయి. రెండు పక్కల నుంచి ధార వేగంగా జారుతుంది. వెనక నీళ్లు సుడి తిరుగుతూ కాస్త వెనక్కి కూడా వస్తాయి. ఆ వేగపు ధార, ఈ నెమ్మది నీళ్లు కలిసే చోట సన్నటి గీత ఒకటి ఏర్పడుతుంది. ఊక అంతా ఆ గీత వెంటే బారులు తీరి పోతుంది. నదిలో ఇటుక బదులు బండరాయి, ఊక బదులు నురగ. నురగ పోయే గీత మీదే పురుగులూ పోతాయి. చేప ఆ గీతకు ఇవతల, నెమ్మది నీళ్లలో ఉంటుంది. రాయి ముందు ఉబికే మెత్తటి నీళ్లలోనూ ఒకటి నిలబడుతుంది. కొత్తవాళ్లు రాయి వెనకే చూస్తారు, ముందున్నదాన్ని వదిలేస్తారు.

ఇవి కాక, గుండం మొదట్లో తెల్లటి నురగ అడుగున, ఒడ్డు కింద నీళ్లు తొలిచిన గూటిలో, చెట్టు కొమ్మ నీళ్ల మీదికి వంగిన నీడలో కూడా ఉంటాయి. సాయంత్రం గుండం చివర, నీళ్లు పల్చబడి జారే చోటుకు వస్తాయి. నీళ్లు అద్దంలా, కదలకుండా ఉన్న నడి గుండం చూడ్డానికి బాగుంటుంది, దాని మీద పొద్దు పారబోయకండి.

ముఖం ఎదురుకు ఉంటుంది కాబట్టి మనం వెనక నుంచి, అంటే కింది వైపు నుంచి పైకి నడవాలి. పానగల్లు కట్ట మీద నిలబడి అరుచుకుంటూ గాలం వేసినా చేప పడుతుందంటే, ఆ నీళ్లు మసకగా, లోతుగా ఉంటాయి కాబట్టి. ఇక్కడ నీళ్లు తేట. మన నీడ గుండం మీద పడిందా, అరగంట దాకా ఆ గుండం ఖాళీ. తెల్ల చొక్కా వద్దు, ఖాకీయో ఆకుపచ్చో వేసుకోండి. నీళ్ల మీది మెరుపు కోసే పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే రాళ్ల మధ్య నిలబడ్డ చేప నిజంగానే కనబడుతుంది. ముందు మీకు దగ్గరి నీళ్లలో వేయండి, తర్వాత దూరం. మొదటే అవతలి ఒడ్డుకు విసిరితే దారం పడి దగ్గరి చేపలన్నీ బెదురుతాయి. ఒక్కోచోట నాలుగైదు సార్లు వేసి, రాకపోతే పది అడుగులు పైకి నడవండి. పొద్దంతా కిలోమీటరు, కిలోమీటరున్నర నడవడం మామూలే.

సామాను

మన దగ్గర కొర్రమీనుకు తామరాకుల్లో, నాచులో కప్పను వేసి లాగేవాళ్లు 30, 40 పౌండ్ల బరువుకు తెగకుండా ఆగే దారం వాడతారు. అది నాచుతో సహా చేపను ఈడ్చుకురావాలి మరి. ఆ రాడ్డూ, ఆ దారమూ ఇంట్లోనే పెట్టి పోండి. ట్రౌట్‌కు ఆరు నుంచి ఏడడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్డు, 2000 లేదా 2500 సైజు రీలు, 6 నుంచి 8 పౌండ్ల తంగూసు దారం చాలు. ఎరలుగా 5 నుంచి 8 గ్రాముల చెంచా ఆకారపు స్పూన్లు నాలుగైదు, తిరిగే రేకున్న స్పిన్నర్లు 1, 2, 3 సైజుల్లో అరడజను. రంగు గురించి ఎక్కువ ఆలోచించొద్దు: తేట నీళ్లకు వెండి, మసక నీళ్లకు రాగి లేదా బంగారు రంగు. సగం ఎరలు రాళ్లకు పోతాయి, అది లెక్కలో వేసుకునే కొనండి. స్పిన్నర్ తిరిగినప్పుడల్లా దారం మెలిపడుతుంది. అందుకే ఎరకు రెండడుగుల పైన స్వివెల్, అంటే తనంతట తిరిగే చిన్న లోహపు కీలు, ఒకటి కట్టండి. అది లేకపోతే రెండో రోజుకు రీలు నిండా పిచ్చుక గూడే.

మూడు కొక్కేల గాలం ఉంటే రెండు కోసేసి ఒకటే ఉంచండి. దాని కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. దారం బిగువుగా ఉన్నంతసేపూ ముల్లు లేకున్నా చేప జారదు. వదిలేయాల్సిన చేపకూ, మన వేలికి దిగిన గాలానికీ ఇదే మేలు. లైసెన్సు తీసుకునేటప్పుడు ఏ ఎరకు అనుమతి ఉందో అడగండి. ఎర్రలు గుచ్చి వేసే మన పద్ధతి చాలాచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా చేప దాన్ని కడుపులోకి మింగేస్తుంది కాబట్టి బతికించి వదలడం కుదరదు.

ఇక ముడి. తెగిపోయిన చేపల్లో ఎక్కువ భాగం ముడి దగ్గరే తెగుతాయి, దారం మధ్యలో కాదు. దారం కొసను ఎర రంధ్రంలోంచి తీసి, అసలు దారం చుట్టూ అయిదారు మెలికలు తిప్పండి. ఆ కొసను రంధ్రం పక్కనే ఏర్పడ్డ చిన్న సందులోంచి దూర్చి, తిరిగి వచ్చేటప్పుడు ఏర్పడ్డ పెద్ద ఉంగరంలోంచి కూడా దూర్చండి. బిగించే ముందు ఉమ్మితో తడపండి. ఇది మొక్కుబడి మాట కాదు: పొడి తంగూసు రాసుకున్నప్పుడు పుట్టే వేడికి దారం అక్కడ కమిలి పల్చబడుతుంది. కంటికి తెల్లటి మచ్చలా కనబడుతుంది. ఆ మచ్చ కనబడితే కోసి మళ్లీ కట్టండి. నెమ్మదిగా లాగితే మెలికలు స్ప్రింగులా వరసగా పేరుకోవాలి. ఒకదాని మీదొకటి ఎక్కినా కోసేయడమే. కొస రెండు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి.

చేప గట్టిగా లాగితే తెగకుండా దారాన్ని జారనిచ్చే బిగింపు రీలులో ఉంటుంది, దాన్నే డ్రాగ్ అంటారు. అది ఎంత బిగించాలనే దానికి సులువైన కొలత ఉంది. 8 పౌండ్లంటే మూడు కిలోల ఆరువందల గ్రాములు. దాంట్లో నాలుగో వంతు, ఇంచుమించు కిలో దగ్గర డ్రాగ్ జారాలి. నిండు లీటరు నీళ్ల సీసాను దారానికి కట్టి, రీలు చేత్తో పట్టుకుని నిలువుగా ఎత్తండి. సీసా లేస్తూ లేస్తూనే దారం కొంచెం కొంచెం జారాలి. అసలు జారకపోతే వదులు చేయండి, సీసా లేవనే లేవకపోతే బిగించండి.

రాడ్డును రైల్లో తీసుకుపోవడానికి వందల రూపాయల డబ్బాలు కొననక్కర్లేదు. బోరు సామాన్ల షాపులో రెండంగుళాల పీవీసీ పైపు 115 సెంటీమీటర్లు కోయించి, రెండు పక్కలా మూతలు పెట్టిస్తే ఏడడుగుల రెండు ముక్కల రాడ్డు అందులో పడుతుంది. విమానమైతే గాలాలూ, ప్లయరూ చేతి సంచిలో పెట్టొద్దు, కింద వేసే లగేజీలో పెట్టండి.

వేయడం, లాగడం

ప్రవాహానికి అడ్డంగా, కొంచెం పై వైపుకు విసరండి. ఎర నీళ్లలో పడ్డాక ఒకటి, రెండు అని లెక్కపెట్టి మునగనివ్వండి. లోతు గుండమైతే నాలుగు దాకా. తర్వాత నీళ్ల వేగం కంటే ఒక పిసరు ఎక్కువ వేగంతో చుట్టండి. స్పిన్నర్ రేకు తిరుగుతుంటే రాడ్డు పిడిలో సన్నటి వణుకు తెలుస్తుంది. వణుకు ఆగిందంటే ఎర అడుగున పడిందనో, నాచు చుట్టుకుందనో అర్థం. ఎర కిందికి కొట్టుకుపోతూ అర్ధచంద్రాకారంగా మలుపు తిరిగే చోట చాలా చేపలు పడతాయి, అక్కడ తొందరపడి పైకి తీయొద్దు.

కొర్రమీను కప్పను కొట్టినప్పుడు ఒకట్రెండు క్షణాలు ఆగి, నోట్లోకి పోనిచ్చి, రెండు చేతులతో బలంగా గుంజుతాం. దాని దవడ ఎముక గట్టిది. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. ట్రౌట్ నోరు మెత్తన, దారం సన్నం. పైగా ఎర ఇనుమని తెలిసిన మరుక్షణం అది ఉమ్మేస్తుంది. కాబట్టి ఆగడమూ వద్దు, గుంజడమూ వద్దు. తగలగానే మణికట్టుతో రాడ్డు కొసను ఒక అడుగు పైకి లేపితే చాలు. తర్వాత రాడ్డు నిలువుగా పట్టుకుని డ్రాగ్ పనిని డ్రాగ్‌కే వదిలేయండి. చేప కిందికి పారిపోతే ఒడ్డు వెంట మీరూ కిందికి నడవండి. ప్రవాహానికి ఎదురుగా ఈడిస్తే చేప బరువుకు నీళ్ల బరువు తోడై తెగుతుంది.

రాయికి ఎర పట్టుకుంటే వంచిన రాడ్డుతో లాగొద్దు, కొస విరుగుతుంది. ఎర ఏ దిక్కున పోయి ఇరుక్కుందో దానికి ఎదురు దిక్కుకు నడిచి, అక్కడి నుంచి దారం వదులుగా రెండుమూడు సార్లు కుదపండి. ఊడకపోతే రాడ్డు దారానికి సూటిగా పెట్టి, దారాన్ని రుమాలు చుట్టిన చేత్తో లాగి తెంపండి. ఉత్త చేత్తో లాగితే తంగూసు బ్లేడులా కోస్తుంది.

ఈకల పురుగుతో వేసే ఫ్లై గాలం అందరికీ ఆశే, కానీ మూడు రోజుల ప్రయాణంలో అక్కడ నేర్చుకోవడం కుదరదు. ఇంటి దగ్గర నెల ముందు నుంచి కోతయిన పొలంలో సాధన చేయాలి. తొమ్మిదడుగుల, అయిదో నంబరు రాడ్డు కొనండి. ఇందులో ఎరకు బరువుండదు, లావుపాటి దారం బరువే ఎరను మోసుకుపోతుంది. గాలం బదులు ఉన్ని పోగు కట్టి, పది మీటర్ల దూరంలో చేట పెట్టి దాంట్లో పడేలా వేయండి. రాడ్డు వెనక్కి తీశాక దారం పూర్తిగా సాగేదాకా ఆగాలి. ఆగకుండా ముందుకు కొడితే చెర్నాకోల ఝళిపించినట్టు ఫట్‌మని మోగుతుంది. ఆ మోతకు నది దగ్గర ఫ్లై తెగి ఎగిరిపోతుంది. ఫ్లైలు 12, 14, 16 నంబర్లలో తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. ట్రౌట్ తినేదాంట్లో ఎక్కువ భాగం నీళ్ల అడుగున పాకే పురుగు పిల్లలే. అందుకే మునిగే ఫ్లై కట్టి, పైన చిన్న ఉన్ని బెండు పెట్టి వదలడం కొత్తవాళ్లకు సులువు. మన బెండు గాలానికి దగ్గరి చుట్టం ఇదొక్కటే. బెండు నురగతో సమానంగా పోవాలి. నురగ కంటే ముందు పరుగెత్తితే దారం ఈడుస్తోందని అర్థం, చేప దాన్ని నమ్మదు.

చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది, ఆ తావులో బూజు పట్టి తర్వాత చావొచ్చు. గడ్డి మీద, ఎండ రాళ్ల మీద వేయొద్దు. ఫొటో కావాలంటే మన ఊపిరి బిగబట్టి, అది అయిపోయేలోగా చేపను నీళ్లలో పెట్టేయాలి. వదిలేటప్పుడు ముఖం ప్రవాహానికి ఎదురుగా ఉంచి, దానంతటది చేతిలోంచి జారేదాకా పట్టుకోండి.

లైసెన్సు హిమాచల్ మత్స్య శాఖ ఇస్తుంది. రోజుకు ఎన్ని, ఎంత పొడవుకు తక్కువైతే వదలాలి అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపల గాలం వేయకూడదు, దాని గేటు గుషైనీకి పైన ఉంటుంది. మన ఊళ్లో చెరువు మీద మత్స్య సహకార సంఘానికి హక్కు ఉన్నట్టే అక్కడా నీళ్లకు యజమాని ఉంటాడు. "వేరే రాష్ట్రం నుంచి వచ్చినం అన్నా, తెలవదు" అంటే కుదరదు.

ఉంచుకున్న చేపను అక్కడే తల మీద కొట్టి చంపి, కడుపు కోసి, వెన్ను వెంట ఉండే నల్లటి రక్తపు గీతను బొటనవేలి గోరుతో గీకేయండి. చేదు అదే. పొలుసు చాలా చిన్నది, గీకనక్కర్లేదు. చింతపండు పులుసు పెడదామనుకునేవాళ్లకు ఒక మాట: ట్రౌట్ కండ పులుసులో విచ్చిపోతుంది, దాని సన్నటి రుచి చింతపండు కింద కనబడకుండా పోతుంది. పావుకిలో చేపకు ఉప్పు, పసుపు, చెంచాడు కారం, నిమ్మరసం పట్టించి, పెనం మీద ఒక్కో పక్క నాలుగైదు నిమిషాలు కాల్చండి. పులుసు సంగతి ఇంటికొచ్చాక కొర్రమీనుతో చూసుకోవచ్చు.

గుర్రం

మన దగ్గర గుర్రం అంటే పెళ్లి బరాత్ గుర్రం. పూసల జీను, బ్యాండు మోత, చదును రోడ్డు. కొండ గుర్రం పొట్టిది, స్పితీ జాతిదైతే వీపు మన ఛాతీ ఎత్తుకు మించదు. దాని మీద కూర్చుంటే కాళ్లు నేలకు తగిలేట్టున్నాయని నవ్వొస్తుంది. ఆ పొట్టితనమే రాళ్ల దారిలో మనల్ని కాపాడేది.

బరువు లెక్క ముందు చూసుకోండి. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది గుర్రాలవాళ్లు పాటించే లెక్క. 300 కిలోల గుర్రమైతే 60 కిలోలు. 85 కిలోల మనిషి దాన్ని ఎక్కి నిటారు కొండ ఎక్కమనడం అన్యాయం. పెద్ద కంచర గాడిదను అడగండి, లేదా నిటారు చోట్ల దిగి నడవండి. ఎక్కే ముందు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి: జీను కింద వీపు మీద పుండ్లున్నాయా, నడిస్తే కుంటుతోందా, నాడాలు నాలుగూ గట్టిగా ఉన్నాయా. పుండున్న గుర్రం నొప్పికి ఎప్పుడైనా ఎగురుతుంది. సిమ్లా దగ్గరి కుఫ్రీ లాంటి చోట్ల రద్దీలో వరసలో ఏది వస్తే అది ఎక్కించేస్తారు, అక్కడ నోరు తెరిచి వేరేది అడగాలి. "భయ్యా, దూస్రా ఘోడా" అంటే చాలు.

పొట్ట కింద పట్టీ దగ్గరే ఎక్కువ మంది పడిపోతారు. పట్టీ బిగించేటప్పుడు గుర్రం ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. బిగువుగానే ఉందనిపిస్తుంది. నాలుగడుగులు నడిచాక ఊపిరి వదిలేస్తుంది, పట్టీ వదులవుతుంది, ఎవరైనా ఒక రికాబు (కాలు పెట్టే ఇనుప కొక్కెం) మీద బరువేయగానే జీను మనిషితో సహా పొట్ట కిందికి తిరుగుతుంది. అందుకే ఎక్కే ముందు ఒకసారి, పావుగంట నడిచాక మరోసారి బిగించమనండి. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు బిగువుగా దూరాలి. అరచెయ్యి దూరితే వదులు.

రికాబు పొడవుకు కొలత మన చెయ్యే. వేళ్ల కొసలు జీను మీద రికాబు పట్టీ మొదలయ్యే చోట ఆనించి, రికాబును చేతి వెంట లాగితే చంకకు అందాలి. కొండ దారికి ఒక రంధ్రం పొట్టి చేసినా ఫరవాలేదు. పాదం ముందు భాగం మాత్రమే రికాబులో ఉండాలి, మడమ కిందికి నొక్కాలి. పాదం మొత్తం దూర్చితే పడ్డప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. చెప్పులూ, నున్నటి బూట్లూ వద్దు. చిన్న మడమ ఉన్న బూటు కావాలి. తలకు హెల్మెట్ అక్కడ దొరుకుతుందని అనుకోవద్దు, ఇంటి నుంచే తీసుకుపోండి. జీన్స్ కుట్లు మోకాళ్ల లోపలి వైపు ఒరిపిడి పెడతాయి, లోపల నూలు పైజామా వేసుకుంటే రెండో రోజు నడవగలుగుతారు.

ఎడమ వైపు నుంచి ఎక్కడం ఆచారం. వాలులో మాత్రం ఏ వైపు ఎత్తుగా ఉంటే ఆ వైపు నుంచి ఎక్కాలి. పగ్గాలు లాగి పట్టుకోవడం మనోళ్ల పెద్ద తప్పు. రాళ్ల దారిలో గుర్రం తల దించి దారి చూసుకుంటుంది, మెడతోనే తూకం నిలుపుకుంటుంది. పగ్గం బిగిస్తే అది గుడ్డిదవుతుంది. ఎక్కేటప్పుడు ముందుకు వంగి జూలు పట్టుకోండి. దిగేటప్పుడు వెనక్కి పడుకోకుండా నిటారుగా కూర్చుని బరువంతా మడమల్లోకి దించండి. ముందు గుర్రానికి ఒక గుర్రం పొడవు దూరం ఉంచండి. చెవులు వెనక్కి అతికించిందంటే తన్నబోతోందని గుర్తు.

వాగు దాటేటప్పుడు గుర్రం నీళ్లు తాగితే తాగనివ్వండి. తాగడం ఆపి ముందు కాలితో నీళ్లను దబదబా కొట్టిందంటే మాత్రం పడుకోబోతోంది. మీ బూట్లూ, ఫోనూ, రాడ్డూ అన్నీ దానితో పాటు పడుకుంటాయి. వెంటనే మడమలతో పొడిచి నడిపించండి. అందుకే రాడ్డు ఎప్పుడూ గుర్రానికి కట్టకుండా పైపులో పెట్టి గుర్రం నడిపేవాడికి ఇవ్వడం మంచిది. కొమ్మలకు రాడ్డు తగిలి టక్కుమంటే గుర్రం బెదరదన్న భరోసా కూడా లేదు.

నడుస్తున్నప్పుడు ఎదురుగా మూటలు మోస్తున్న కంచర గాడిదలు వస్తే కొండ వైపుకు ఒదిగి నిలబడండి. లోయ వైపు నిలబడితే మూట తగిలి కిందికి పోతారు. దారి ఇరుకైన చోట మెడ గంటల చప్పుడు వినగానే ఆగాలి, కనబడ్డాక కాదు.

దారి కొంచెం చెప్పి ఆపుతాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు దాదాపు 26 గంటలు. అక్కడి నుంచి మనాలి బస్సెక్కి, రాత్రి పడుకుంటే పొద్దునకు ఔట్ సొరంగం దగ్గర దిగొచ్చు. ఔట్ నుంచి బంజార్, అక్కడి నుంచి గుషైనీ. మొదటి రోజు గుర్రం, గాలం రెండూ పక్కన పెట్టి ఒడ్డు వెంట నడిచి నీళ్లు చూడండి. తిరిగొచ్చాక రీలును మంచి నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. తంగూసును కారు డిక్కీలో వదిలేస్తే మన ఎండకు పెళుసు బారుతుంది. వచ్చే ఏడాది వాడే ముందు మొదటి అయిదు మీటర్లు కోసిపారేసి, ముడి వేసి చేత్తో గుంజి చూడండి. టప్పున తెగితే మొత్తం మార్చేయాల్సిందే.